తేమ గదికి పంపిన ఆజ్ఞ

మామగారి చేయి తేమ గది గడియ మీద పడడం చూసి కోడలు కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"మామయ్యగారూ, ఆ గడియ ముట్టుకోకండి!"

ఆయన తిరిగి చూడలేదు. భుజం మీది తువ్వాలు సవరించుకొని, రెండో చేత్తో నీళ్లు చిమ్మే డబ్బాను ఎత్తి పట్టుకున్నారు. "తేమ కొలిచే ముల్లు పడిపోయింది తల్లీ. తలుపు అద్దంలోంచి చూశాను. నిన్న ఉన్నచోట లేదు. లోపల పిల్లలు ముక్కుతో పెంకును పొడుస్తున్నాయి. ఈ వేళప్పుడు గాలి ఎండిందంటే లోపలి పొర తోలులా బిగుసుకుంటుంది. ఒక్కటీ బయటికి రాదు. నన్ను వెళ్లనీ" అన్నారు. అంతమాత్రానికే ఆయనకు దగ్గు తెర వచ్చింది. తలుపుకు నుదురు ఆనించి, ఆ తెర దిగేదాకా అలాగే నిలబడ్డారు.

ఆ ఇంటివారి వృత్తి బాతు గుడ్లను పొదిగించి పిల్లలను అమ్మడం. ఇంటి వెనుక భాగమంతా ఆ పనికే అంకితం. గుడ్లు కడిగి ఏరే వసారా ఒకటి, ఒక్కొక్క గుడ్డును దీపం ముందు పట్టి ప్రాణముందో లేదో చూసే చీకటి గది ఒకటి, చివరగా గుడ్లు పగిలే రోజుల కోసం కట్టిన తేమ గది. ఆ గదిలో గాలి ఒంటి వేడికి సమానమైన వేడితో, చెమ్మతో, దుప్పటి కప్పినట్లు మీద పడుతుంది. మామగారు తమ వయసులో సగభాగం ఆ దుప్పటి కిందనే గడిపారు. గుడ్లు పగిలే సమయానికి ఆయన గది వదిలి వచ్చేవారు కారు. దాని ఫలితంగా వచ్చిన ఉబ్బసం ఇప్పుడు ఆయనను వదిలి పోవడం లేదు. ఆ గదిలో ఇక అడుగు పెట్టవద్దని వైద్యుడు కచ్చితంగా చెప్పాడు. ఆయన తల ఊపి వచ్చారు. తల ఊపడానికీ మానడానికీ మధ్య ఎంత దూరముందో ఇంటిల్లిపాదికీ తెలుసు.

పెళ్లికి ముందు ఒక కార్యాలయంలో యంత్రాల సంరక్షణ చూసిన అనుభవం కోడలికి ఉన్నది. ఆయన ఆ గది గడప తొక్కే అవసరమే లేకుండా చేస్తానని ఆమె తనకు తాను మాట ఇచ్చుకున్నది. మెట్ల కింద ఖాళీలో ఒక పాత కంప్యూటర్ పెట్టి, దానిలో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, మంచులా నీటి తుంపర చిమ్మే యంత్రాన్నీ తేమ కొలిచే ముల్లునూ దానికి కలిపింది. గంటగంటకూ ఆ యంత్రాన్ని మేల్కొలిపే బాధ్యతను క్రాన్ చేతిలో పెట్టింది. క్రాన్ అంటే యూనిక్స్‌లో గడియారం చూసుకుంటూ కూర్చొనే నౌకరు. ఏ వేళకు ఏ ఆజ్ఞ నడవాలో ఒక పట్టికలో వరుసకొకటిగా రాసి పెడితే, వేళ తప్పకుండా నడిపిస్తుంది. ఆ ఏర్పాటు మీద పగులుతున్న మొదటి గుడ్లు ఇవే. ఇక్కడ యంత్రం ఓడిపోతే మామగారు మళ్లీ గదిలోకి వెళ్తారు. వెళ్తే ఆయన ఊపిరి ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆమె మెట్ల కింద కూర్చొని ఆజ్ఞను తన చేత్తోనే కొట్టింది. తేమ, డెబ్బై అయిదు, పక్కన శాతం గుర్తు, చివర ఫలితాన్ని దస్త్రంలో రాయమనే తోక. మీట నొక్కగానే గది లోపల తుంపర బుస్సుమన్నది. అద్దం అవతల ముల్లు నెమ్మదిగా పైకి పాకింది.

"చూశావా?" అన్నారు మామగారు, గడియ వదలకుండానే. "నువ్వు చెబితే వింటుంది. గడియారం చెబితే వినదు. మాటమాటకీ నువ్వే చెప్పాలంటే ఇంకెందుకమ్మా ఈ హంగామా? నేనే లోపల కూర్చుంటాను. నాకు అలవాటే."

"ఎందుకు వినలేదో కనుక్కుంటాను."

"ఎప్పటికి?"

"మీరే చెప్పండి."

బేరం ఆడడం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన పని. "మధ్యాహ్నం భోజనానికి కూర్చునే వేళకు అది తనంతట తాను నడవాలి. నడవకపోతే ఈ గుడ్లన్నీ పగిలేదాకా నేను లోపలే. ఇక నువ్వు గానీ మీ అత్త గానీ నోరెత్తకూడదు."

"సరే. అందాకా మీరు ఆ గోడవార బల్ల మీద కూర్చోవాలి, లేవకూడదు. డబ్బా ఇలా ఇవ్వండి."

"డబ్బా నా దగ్గరే ఉండనీ."

"ఇవ్వండి మామయ్యగారూ."

ఆమె చాచిన చేయి వెనక్కి పోకపోవడంతో ఆయన డబ్బా ఇచ్చి, బల్ల మీద కూర్చొని, గోడకు తల ఆనించారు.

గుడ్ల పళ్లేలు మోసుకొస్తూ మరిది ఈ సంభాషణంతా విన్నాడు. వేళాకోళం లేనిదే అతనికి పొద్దు పోదు. "వదినా, నాన్నని బల్లకి కట్టెయ్యడానికి తాడు తెమ్మంటావా? లేకపోతే నీ కంప్యూటర్ వైరు సరిపోతుందా?"

"నువ్వు నోరు మూసుకొని పళ్లేలు జాగ్రత్తగా దించు. చేతులు వణికిస్తున్నావు."

"నవ్వు ఆపుకోలేక వణుకుతున్నాయి వదినా."

ఆమె నవ్వలేదు. తెర మీది అక్షరాల వైపు తిరిగింది.

మొదట ఆమెకు అనుమానం వచ్చినది దారి మీద. క్రాన్‌కు మనలా ఇల్లూ వాకిలీ తెలియవు. ఏ ఆజ్ఞ ఎక్కడ ఉందో మొదటి నుంచి చివరిదాకా దారి రాసి ఇస్తే తప్ప వెదకదు. చూసింది. దారి పూర్తిగానే ఉన్నది. తరువాత అనుమతులు చూసింది, అవీ సరిగానే ఉన్నాయి. గడియారం చూసింది. గోడ మీది గడియారానికీ యంత్రానికీ తేడా లేదు. అప్పుడు యంత్రం తన పనులు తానే రాసుకొనే దినచర్యను తెరిచింది. దానిలో క్రాన్ ప్రతి గంటకూ తేమ ఆజ్ఞను నడిపినట్లు స్పష్టంగా ఉన్నది. కాని తేమ ఆజ్ఞ తన సొంత దస్త్రంలో రాయవలసిన మాటలలో, ఆమె చేత్తో నడిపినవి తప్ప ఒక్కటీ లేదు. సఫలమైనట్లు లేదు, విఫలమైనట్లు కూడా లేదు.

"వెళ్లానంటాడు. వచ్చినట్టు ఎవరూ చెప్పరు" అని ఆమె గొణుక్కున్నది.

"ఎవరమ్మాయీ?" అంటూ అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఆవిడ చాలాకాలం బడిలో భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవారు. ఇంట్లో మాత్రం ఆ విశ్రాంతి ఎవరికీ అనుభవంలోకి రాలేదు.

"క్రాన్ అత్తయ్యగారూ. ఆజ్ఞ నడిపానంటున్నాడు. తుంపర మాత్రం లేవలేదు. పోనీ పొరపాటు జరిగితే అదైనా రాయాలి కదా, అదీ లేదు."

"తప్పు జరిగినా చెప్పడం లేదా?"

"చెప్పడం లేదు."

"అయితే ముందు నీ తుంపర సంగతి వదిలెయ్. నోరు ఎందుకు పడిపోయిందో చూడు." అత్తగారు ఒక ముక్కాలిపీట లాక్కొని పక్కన కూర్చున్నారు. "ఒకేసారి రెండు మార్చకు. ఒక్కటి మార్చు, ఏమయిందో చూడు, మళ్లీ ఒక్కటి."

"పరీక్ష పెడుతున్నావా దానికి?" అని బల్ల మీంచి మామగారి గొంతు వినిపించింది. "పాపం, పాసవుతుందో లేదో. నేను నీ దగ్గర ఎప్పుడూ పాసవలేదు."

"మీరు రాస్తేగా పాసవడానికి" అన్నారు అత్తగారు తల తిప్పకుండానే.

కోడలు పని మీదనే దృష్టి నిలిపింది. చేత్తో నడిపితే నడిచే ఆజ్ఞ, క్రాన్ నడిపితే నడవడం లేదు. రెండింటికీ ఒకే అక్షరాలు. అంటే ఆ అక్షరాలు ఆమె రాసిన చోటి నుంచి ఆజ్ఞ చేరే చోటికి వెళ్లేలోగా ఏదో జరుగుతున్నది. ఊహించి లాభం లేదు. దీపం ముందు గుడ్డును పట్టినట్లు, ఆ దారిలో ఏమి ప్రయాణిస్తున్నదో కంటితో చూడాలి.

ఆమె ఒక చిన్న ఆజ్ఞను రాసింది. తనకు ఏ మాటలు అందాయో, చదువుకోమని తన చెవిలో ఇంకేమైనా పోశారో, ఉన్నది ఉన్నట్లు ఒక మూల రాసి పెట్టడం తప్ప దానికి మరో పని లేదు. పట్టికలో తేమ ఆజ్ఞ ఉన్న వరుసను నకలు తీసి, తేమ అన్న పేరు స్థానంలో ఈ కొత్త ఆజ్ఞ పేరు పెట్టింది. తక్కిన అక్షరాలను ముట్టుకోలేదు. ప్రతి నిమిషమూ నడవమని చెప్పి చేతులు కట్టుకొని కూర్చున్నది.

మరిది వెనక నిలబడి తొంగి చూశాడు. "ఏంటి వదినా, గుడ్లప్పగించి చూస్తున్నావు? మన దగ్గర అవి చాలా ఉన్నాయి, నీవి కూడా ఎందుకు?"

ఆమె చేయి ఎత్తి అతనిని ఆపింది. తెర మీద ఫలితం వచ్చింది.

అందిన మాట డెబ్బై అయిదు. అంతే. పక్కన శాతం గుర్తు లేదు. దాని తరువాత, ఫలితాన్ని ఫలానా దస్త్రంలో రాయమని ఆమె చేర్చిన తోక భాగం ఆజ్ఞలో లేనే లేదు. ఆ తోక అంతా ఆజ్ఞ చెవిలో పోసిన మాటల కింద వచ్చి పడి ఉన్నది.

ఆమె ఆ రెండు వరుసలను మళ్లీ మళ్లీ చదివింది. పద్యం చదువుతూ పోతుంటే యతి తప్పినచోట చెవి ఆగినట్లు, ఆమె చూపు ఒక్కచోట ఆగింది. ఆజ్ఞ తెగినది సరిగ్గా శాతం గుర్తు దగ్గర.

వెంటనే క్రాన్ పట్టికకు ఉన్న వివరణను తెరిచి చదివింది. అక్కడ స్పష్టంగా రాసి ఉన్నది. క్రాన్ పట్టికలో శాతం గుర్తుకు ప్రత్యేకార్థం ఉన్నది. ఆ గుర్తు కనబడగానే ఆజ్ఞ అక్కడితో ముగిసిందని క్రాన్ భావిస్తుంది. ఆ తరువాత ఉన్నదంతా, ఆ ఆజ్ఞ చదువుకోవడానికి ఇచ్చిన పాఠంగా లోపలికి పంపుతుంది. చేత్తో కొట్టేచోట ఆ గుర్తుకు ఏ ప్రత్యేకతా లేదు. అందుకే ఆమె చేతిలో ఆజ్ఞ నిండుగా నడిచింది, క్రాన్ చేతిలో సగానికి తెగింది.

"దొరికింది" అన్నది ఆమె. ఆ మాటకు బల్ల కిర్రుమన్నది. "లేవకండి మామయ్యగారూ, చెబుతాను."

ఆమె చెప్పింది. తేమ ఆజ్ఞకు ఉత్తి అంకె చేరింది. ఉత్తి అంకె వస్తే తిరస్కరించాలని ఆ ఆజ్ఞను రాసినది ఆమే. అది నియమం ప్రకారం తిరస్కరించింది. ఆ తిరస్కారాన్ని దస్త్రంలో రాయవలసిన తోక ముందే తెగిపోయింది. అటువంటి మాటలను క్రాన్ మెయిల్‌లో పంపాలని చూస్తుంది గాని, ఆ పాత కంప్యూటర్‌లో మెయిల్ ఏర్పాటు లేదు. మాట గాలిలో కలిసిపోయింది.

అత్తగారి ముఖం చిన్నబోయింది. ఉత్తి అంకె పనికిరాదన్నది ఆవిడ పెట్టిన నియమం. ఒకప్పుడు ఆ ఇంట్లో పలక మీద ఎవరో రాసిపెట్టిన ఉత్తి అంకెను, వేడికి సంబంధించినదానిని, తేమకు సంబంధించినదిగా మరొకరు చదివారు. గది నిండా ఉన్న గుడ్లు ప్రాణం పోసుకోకుండానే చల్లబడ్డాయి. నాటి నుంచి ఆ ఇంట్లో అంకె పక్కన దాని ప్రమాణం రాయనివారికి అన్నం పెట్టనని ఆవిడ శపథం. కోడలు కంప్యూటర్‌కు కూడా అదే క్రమశిక్షణ నేర్పింది.

"అయితే నా నియమమే ముంచిందన్నమాట" అన్నారు అత్తగారు మెల్లగా.

"మీ నియమం కాదత్తయ్యగారూ. దాన్ని నేను తీసుకెళ్లి పెట్టిన చోటు."

"ఏదయితేనేం వదినా" అన్నాడు మరిది, "ఆ గుర్తు పీకి పారెయ్. ఉత్తి అంకె పుచ్చుకోమని దానికి చెప్పు. గొడవ వదిలిపోతుంది. గడియారం చూడు, నాన్న చూపు తలుపు మీదే ఉంది."

నిజమే. భోజనం వేళ దగ్గర పడుతున్నది. ఆ గుర్తు తీసివేయడం ఒక్క క్షణం పని. కోడలు వేలు మీట మీద ఆగింది. తరువాత వెనక్కి వచ్చింది.

"వద్దు" అన్నది. "ఈ ఒక్క పూటకి నడిపించడానికి, ఎన్ని గుడ్లు పోగొట్టుకొని నేర్చుకున్నదాన్ని వదులుకోను. వచ్చే నెల కొత్త గుడ్లకి ఈ వరుసలు మార్చేది నువ్వే. వేడి అంకెను తెచ్చి తేమకి రాస్తే నిన్ను ఎవరు ఆపుతారు?"

"నన్ను ఆపేవాళ్లు ఈ ఇంట్లో చాలామంది ఉన్నారు."

"యంత్రం కూడా ఉండనీ."

పట్టికలో శాతం గుర్తుకు ముందు వెనక్కి వాలిన గీత, బ్యాక్‌స్లాష్, ఒకటి పెడితే చాలునని వివరణలో ఉన్నది. ఆ గీత కనబడితే క్రాన్ గుర్తును తనది కాదని తెలుసుకొని, తెంచకుండా దాటిస్తుంది. ఆమె అలా పెట్టి, చిన్న ఆజ్ఞతో పరీక్షించింది. ఈసారి అంకె, గుర్తు కలిసే అందాయి. తోక కూడా ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నది. అత్తగారు తల పంకించారు.

"అయిపోయినట్టేగా?" అన్నాడు మరిది.

"నాకు అయిపోయింది. నువ్వు మార్చేటప్పుడు ఆ గీత మరిచిపోతే?"

మరిచిపోతాడని అతనికీ తెలుసు.

కోడలు ఆ గీతతో తృప్తి పడలేదు. అంకెనూ గుర్తునూ దస్త్రంలో రాసే తోకనూ క్రాన్ పట్టికలోంచి పూర్తిగా తీసివేసి, విడిగా ఒక చిన్న ఫైలులో రాసింది. ఆ ఫైలులో శాతం గుర్తు శాతం గుర్తుగానే ఉంటుంది, దానిని తెంచేవారు లేరు. క్రాన్ పట్టికలో ఇక మిగిలినది వేళ, ఆ ఫైలు పేరు మాత్రమే. పేరులో ఏ విచిత్రమైన గుర్తూ లేకుండా సాదా అక్షరాలే పెట్టింది. అంకె మార్చవలసి వస్తే మరిది ఫైలులో మార్చుకుంటాడు, పట్టిక జోలికి పోనవసరం లేదు.

అంతటితోనూ ఆమె లేవలేదు. ఉదయం నుంచి ఆమెను బాధించినది ఆజ్ఞ విఫలం కావడం కన్నా, విఫలమైనట్లు నోరు మెదపకపోవడం. అందుకని అదే ఫైలులో మరికొన్ని వరుసలు చేర్చింది. తుంపర నడిచిన కొద్దిసేపటికి తేమను మళ్లీ కొలవాలి. ముల్లు లేవకపోతే, ఏ కారణం చేతనైనా సరే, వాకిట్లోని విద్యుత్ గంట మోగాలి. ఆ గంటకు పోయే తీగను మరిది చేతనే మెట్ల కిందికి లాగించింది. ఈ పనిలో అతను వేళాకోళం మరిచిపోయి, నోట్లో మేకులు పెట్టుకొని గోడ వెంట పాకాడు.

వంటింట్లో పళ్లేలు పెడుతున్న చప్పుడు అయింది. మామగారు లేచి తలుపు దగ్గర నిలబడ్డారు. "వేళయింది తల్లీ."

"ఇంకొంచెం. గడియారం గంట కొట్టనీండి."

అందరూ అద్దం ముందు చేరారు. కోడలు తన చేతులను వెనక్కి కట్టుకున్నది, తానేమీ ముట్టుకోవడం లేదని ఆయనకు కనబడాలని. గోడ గడియారం గంట కొట్టింది. ఆ తరువాత, ఎవరి చేయీ పడకుండా, లోపల తుంపర బుస్సుమన్నది. పళ్లేలలో ఒక గుడ్డు పెంకు మీది చిల్లు దగ్గర చిన్న ముక్కు ఒకటి కదిలి, తడిసి, మళ్లీ లోపలికి పోయింది. ముల్లు పాకింది.

"నడిచింది" అన్నారు అత్తగారు.

"నడిచింది" అని మామగారు ఒప్పుకున్నారు. కాని గడియ మీది చేయి తీయలేదు. "ఇవాళ నడిచింది. నిన్న కూడా నడిచిందనే అనుకొని పడుకున్నాం కదమ్మా."

మరిది ఏదో అనబోయాడు. కోడలు అతని వైపు చూసి ఆపింది. ఆయన మాటలో న్యాయమున్నది. ఆయన భయపడుతున్నది యంత్రం ఆగుతుందని కాదు, ఆగినట్లు తెలియదని.

"అయితే మీరే చెడగొట్టండి" అన్నది ఆమె.

"ఏంటీ?"

"గోడకి ఇవతల, ఆ మూల, తుంపర యంత్రానికి నీళ్లు పోయే గొట్టం ఉంది. ఊడదీయండి. ఏమవుతుందో చూద్దాం. గుడ్లకి ఇప్పుడే తడి అందింది, ఏ నష్టమూ లేదు."

ఆయన ఆమెను ఎగాదిగా చూశారు. తరువాత, చిన్నపిల్లవాడికి పగలగొట్టమని బొమ్మ ఇచ్చినట్లు, ఆయన ముఖం విప్పారింది. వంగి గొట్టం ఊడదీశారు. నీళ్లు ఆయన పాదాల మీద పడ్డాయి. ఆమె క్రాన్ పట్టికలో వేళను దగ్గరకు జరిపి, మళ్లీ చేతులు కట్టుకున్నది.

నిమిషం తిరిగింది. లోపల యంత్రం పొడిగా గురగురమన్నది, తుంపర లేదు. ముల్లు కదలలేదు. కొద్దిసేపు ఏమీ కాలేదు. మామగారి కనుబొమలు పైకి లేస్తున్నాయి.

అప్పుడు వాకిట్లో గంట మోగింది. ఆగకుండా, చెవులు గింగిర్లెత్తేటట్లు మోగింది. వసారాలో కడిగి పెట్టిన పళ్లెం ఒకటి మరిది మోచేయి తగిలి కింద పడింది. వీధిలో ఎవరో "ఏమయిందండీ?" అని కేక వేశారు. అత్తగారు రెండు చెవులూ మూసుకొని, "చాలు, చాలు! విన్నాం!" అన్నారు.

మామగారు నవ్వారు. దగ్గు కలిసిన నవ్వు, అయినా నవ్వే. వంగి గొట్టం బిగించి, కోడలు ఆ ఆజ్ఞను మరొకసారి నడిపి గంట నోరు మూయించేదాకా కదలకుండా విన్నారు.

"ఇది అరుస్తుందే!" అన్నారు తృప్తిగా. "పని చేసేవాళ్లని చాలామందిని చూశాను. చెయ్యలేకపోయానని ఇంత గట్టిగా చెప్పేవాళ్లని చూడలేదు."

కోడలు, ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండే ఆ గది తాళంచెవి కోసం చేయి చాచింది.

ఆయన దానిని మొలలోంచి తీసి, ఒకసారి బరువు చూసినట్లు అరచేతిలో ఆడించి, ఆమె చేతిలో పెట్టారు. "గుడ్లు పగిలేటప్పుడు అద్దంలోంచి చూడొచ్చా?"

"చూడొచ్చు. కూర్చొని."

"కూర్చొనే చూస్తాలే" అంటూ ఆయన తడిసిన పాదాలతో భోజనాల గది వైపు నడిచారు.